చివరి పది శాతం: సాహస గేమ్‌ను నూటికి నూరు పాళ్లు పూర్తి చేయడం ఎలా

2017లో వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’లో 900 కోరోక్ విత్తనాలు (కోరోక్‌లనే చిన్న అడవి జీవులు ఇచ్చేవి) దాగి ఉంటాయి. 899 చేతికొచ్చాక, మిగిలిన ఆ ఒక్కటి ఎక్కడుందో గేమ్ చెప్పదు. ఏ ప్రాంతంలో ఎన్ని తీశారో లెక్క రాసుకున్నవాళ్లకు అది ఒక సాయంత్రం పని. రాసుకోనివాళ్లు హైరూల్ రాజ్యమంతా మళ్లీ గాలించాలి. కొత్త సాహస గేమ్ మొదలుపెట్టేటప్పుడల్లా నేను ముందుగా ఈ ఒక్క విత్తనాన్నే తలచుకుంటాను. చివరి పది శాతంలో ఎంత శ్రమ పడతామన్నది మొదటి తొంభై శాతంలో ఏం రాసుకున్నామన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఆట నైపుణ్యం కొంత కావాలి, ఓపిక ఇంకొంత కావాలి. కానీ అసలు పనంతా లెక్క రాయడంలోనే ఉంది. నేను పాటించే పద్ధతి మొదటినుంచీ చెబుతాను.

పూర్తి అంటే ఏమిటో ముందే తేల్చుకోండి

గేమ్ చూపించే శాతం ఒకటి, లక్ష్యాలు సాధిస్తే కన్సోల్ ఇచ్చే ట్రోఫీల జాబితా ఇంకొకటి. ఈ రెండింటిలోనూ లెక్కకు రాని వస్తువులు కూడా కొన్ని గేమ్‌లలో ఉంటాయి. వీటిలో దేనికోసం ఆడుతున్నారో మొదటిరోజే నిర్ణయించుకోకపోతే, అక్కర్లేని చోట వారాలు గడిచిపోతాయి.

శాతాలను పైపైన చూసి నమ్మకూడదు. ‘హాలో నైట్’లో పూర్తి శాతం 100 కాదు, 112. గేమ్ వచ్చిన తరువాత ఉచితంగా జోడించిన భాగాలవల్ల లెక్క అంతవరకు పెరిగింది. 1997లో వచ్చిన ‘కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ద నైట్’లో కోట మొత్తం తిరిగితే మ్యాప్ 200.6 శాతం చూపిస్తుంది, ఎందుకంటే తలకిందులుగా రెండో కోట ఉంది. అక్కడ నూరు చూసి ఆగినవాళ్లు సగం గేమ్ దగ్గరే ఆగినట్టు. ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’లోనైతే చివరి శత్రువు గానన్‌ను ఓడించేదాకా శాతం అసలు కనిపించదు. కనిపించాక చూస్తే అందులో విత్తనాలు, చిక్కుముడులుండే మందిరాలే కాదు, పేరున్న ప్రదేశాలు కూడా కలిసి ఉంటాయి. ఒక్కో అంశానికి సుమారు 0.08 శాతం. విత్తనాలన్నీ తీశాక కూడా శాతం నిండలేదంటే ముందు వంతెనలు చూడండి. గుర్రం మీద పోతూ పక్కనుంచి నది దాటేస్తే వంతెన పేరు మ్యాప్‌లోకి ఎక్కదు. చాలామందికి చివర మిగిలేవి అవే.

ట్రోఫీల సంగతి వేరు. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో అచీవ్‌మెంట్లు (ట్రోఫీల్లాంటివే), 2008లో ప్లేస్టేషన్ 3కి ట్రోఫీలు వచ్చాయి. మిగిలినవన్నీ గెలిస్తే వచ్చే ప్లాటినమ్ ట్రోఫీకి అసలు గేమ్‌లోని ట్రోఫీలు చాలు, తరువాత కొనుక్కునే అదనపు భాగాలవి అక్కర్లేదు. నింటెండో స్విచ్‌లో ఇలాంటి ట్రోఫీల వ్యవస్థే లేదు కాబట్టి అక్కడ గేమ్ లోపలి లెక్కే మనకు ఆధారం.

మొదటిసారి ఆడేటప్పుడు

మొదటి నిమిషంనుంచే పక్కన వీడియో పెట్టుకుని ఆడేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ప్రతి మూలా ఎవరో చూపించగా చూసినవాళ్లకు ఆ లోకంలో దారి తెలియదు. దారి తెలియనివాళ్లు చివర్లో వెతకలేరు. మొదటిసారి కథ వెంట నడవండి, కళ్లకు కనిపించినవి తీసుకోండి, మిగిలినవి తరువాత చూడవచ్చు.

ఒక్క మినహాయింపు ఉంది. మళ్లీ దొరకనివి ఏమైనా ఉన్నాయా అన్నది మాత్రం ముందే తెలుసుకోవాలి. అవి ఎక్కడున్నాయో అప్పుడే చదవనక్కర్లేదు. ఉన్నాయా లేవా, ఉంటే కథలో ఏ ఘట్టానికి ముందు తీయాలి, ఇంతవరకే. ‘అన్‌చార్టెడ్ 4’లో 109 నిధులున్నాయి, కానీ కథ అయిపోయాక కావలసిన అధ్యాయాన్ని ఎంచుకుని వెళ్లవచ్చు, కాబట్టి మొదటిసారి ఒక్క నిధి కోసం కూడా ఆగనక్కర్లేదు. 2003లో గేమ్‌క్యూబ్‌కు వచ్చిన ‘ది విండ్ వేకర్’లో అలా కుదరదు. అక్కడ బొమ్మల గది నింపాలంటే ప్రతి పాత్రనూ ఫొటో తీయాలి. కొన్ని పాత్రలు కథ ముందుకు సాగాక మళ్లీ కనిపించవు. పైగా కెమెరాలో ఒకసారికి 3 ఫొటోలే పడతాయి. 2013లో వచ్చిన కొత్త వెర్షన్‌లో దాన్ని 12కి పెంచారు. నా దృష్టిలో ఆ వెర్షన్ చేసిన గొప్ప మేలు అదే. 2006 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 12’లో ఇంకా విడ్డూరం. అందులోని జోడియాక్ ఈటె దక్కాలంటే చూడటానికి మామూలుగా ఉండే నాలుగు పెట్టెలను తెరవకుండా వదిలేయాలి. అవి ఏ పెట్టెలన్నది గేమ్ చెప్పదు. ఇలాంటి నియమాన్ని ఎవరూ తమంతట తాము ఊహించలేరు. దీన్ని ముందే చదువుకోవడంలో తప్పేమీ లేదు.

ఇదే సమయంలో ఇంకో మూడు చూసుకోండి. కష్టస్థాయికి ట్రోఫీ ఉందా? కథ ముగిశాక లోకంలో తిరగనిస్తుందా, లేక టైటిల్ దగ్గరికి పంపేస్తుందా? ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడాల్సిన ట్రోఫీలున్నాయా? మూడోది ఉంటే అన్నిటికన్నా ముందు దాన్ని ముగించండి. గేమ్ పాతబడేకొద్దీ ఆడేవాళ్లు దొరకరు, ఒకరోజు సర్వర్ మూసేస్తారు, ఆ తరువాత ఎంత నైపుణ్యం ఉన్నా ఆ ట్రోఫీ రాదు. ఒంటరిగా ఆడే కథకు ఇలాంటి ట్రోఫీని తగిలించడం ఆటగాళ్లకు చేసే అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను.

సేవ్‌ల విషయంలో పొదుపు వద్దు. గేమ్ ఎన్ని స్లాట్లు (సేవ్ దాచుకునే గళ్లు) ఇస్తే అన్నీ వాడండి. ప్రతి పెద్ద ఘట్టానికి ముందు వేరే స్లాట్‌లో సేవ్ చేసుకోండి. వెనక్కి రాలేని చోటికి చేరుతున్నప్పుడు పాత్రలే చెప్పేస్తాయి. “సిద్ధమేనా? మిగిలిన పనులేమైనా ఉంటే ఇప్పుడే చూసుకో” అని ఎవరైనా అన్నారంటే ఆ మాట మనకే.

నోటుపుస్తకం

ఇది నా పద్ధతిలో గుండెకాయ, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఫోనులో రాసుకున్నా ఫరవాలేదు గానీ నేను గళ్ల నోటుపుస్తకం వాడతాను, ఆట ఆపకుండా పక్కనే తెరిచి ఉంటుంది కాబట్టి.

ప్రాంతానికి ఒక పేజీ. పేజీ పైన ఆ ప్రాంతం పేరు, దాని కింద అక్కడ మొత్తం ఎన్ని ఉన్నాయో, ఆ సంఖ్య తెలియకపోతే ఖాళీ గడి. నేను వాడే గుర్తులు మూడే. తీసిన దానికి అడ్డగీత. చూశాను గానీ అందుకోలేకపోయిన దానికి సున్నా. ఏదో ఉందనిపించి ఏమిటో తేలని చోటికి ప్రశ్నార్థకం.

మూడింటిలోనూ విలువైనది సున్నా. సున్నా పక్కన ఎందుకు అందలేదో కారణం తప్పకుండా రాయాలి. ‘హాలో నైట్’నే తీసుకోండి. సిటీ ఆఫ్ టియర్స్‌లో ఒక అరుగు కనిపిస్తుంది, ఎగిరితే అందదు. “అరుగు ఉంది” అని రాస్తే నెల తరువాత ఆ మాటకు అర్థముండదు. “ఎత్తు చాలదు, గాలిలో రెండోసారి ఎగరాలి” అని రాయాలి. మోనార్క్ వింగ్స్ దొరికి ఆ శక్తి వచ్చిన రోజున పుస్తకం మొత్తం తిరగేసి, “ఎత్తు” అని రాసిన సున్నాలన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించుకుంటాను. ఇప్పుడు చేతిలో ఉన్నది ప్రాంతాల జాబితా కాదు, ఆ ఒక్క శక్తితో తెరుచుకునే తలుపుల జాబితా. మ్యాప్ మీద వాటిని వరుసగా కలుపుకుంటూ పోతే ఒకే తిరుగుడులో అన్నీ అయిపోతాయి. ఇలా చేయనివాళ్లు కొత్త శక్తి వచ్చిన ప్రతిసారీ గుర్తున్న రెండు మూడు చోట్లకు వెళ్లి, మిగిలినవి మరిచిపోయి, చివర్లో గోడ గోడా తడుముతారు.

అదే గేమ్‌లో ఇసెల్డా అనే పాత్ర తన దుకాణంలో మ్యాప్‌కు పెట్టుకునే గుర్తులు అమ్ముతుంది. కొనండి. వేరే రంగు గుర్తును వేరే కారణానికి కేటాయించుకుంటే పుస్తకం పని సగం తగ్గుతుంది. ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’లో కూడా మ్యాప్ మీద 100 గుర్తుల దాకా వేసుకోవచ్చు. అందుకోలేని పెట్టెకు ఒక గుర్తు, గెలవలేని శత్రువుకు ఇంకొకటి. నక్షత్రం గుర్తును మాత్రం నేను ప్రశ్నార్థకానికే ఉంచుకుంటాను.

అడ్డగీత ఎప్పుడు కొట్టాలన్నది కూడా ముఖ్యమే. వస్తువు చేతికి రాగానే కాదు, గేమ్ దాన్ని సేవ్ చేశాకే. కొన్ని గేమ్‌లు చచ్చిపోతే తీసినవన్నీ వెనక్కి లాగేసుకుంటాయి. 1998 నాటి ‘బాంజో-కజూయీ’లో ఒక్కో లోకంలో 100 సంగీత స్వరాలుంటాయి. 90 ఏరి చచ్చిపోతే ఆ 90 అత్యధిక స్కోరుగా మిగులుతుంది గానీ స్వరాలన్నీ మళ్లీ మొదటి చోట్లకే చేరతాయి. నూరూ ఒక్క ప్రాణంతో ఏరాల్సిందే. అందుకే అక్కడ ప్రమాదకరమైన మూలలకు ముందు వెళ్లి, తేలికైన స్వరాలను చివరికి వదలడం మంచిది. 2008లో ఎక్స్‌బాక్స్ 360కి వచ్చిన వెర్షన్‌లో ఏరినవి ఏరినట్టే ఉంటాయి. ఏ వెర్షన్ ఆడుతున్నారో తెలుసుకోవడం ఎంత అవసరమో చూడండి, అదే గేమ్ రెండు వేరు పద్ధతులు కోరుతుంది.

కళ్లూ చెవులూ

గేమ్ తయారుచేసేవాళ్లు వస్తువులను ఎక్కడపడితే అక్కడ పారేయరు. ఎవరో ఒకరు అక్కడికి వస్తారని నమ్మి పెడతారు. ఆ నమ్మకాన్ని చదవడం నేర్చుకుంటే సగం వెతుకులాట తగ్గిపోతుంది. దారి కుడికి తిరిగితే ముందు ఎడమకు చూడండి. ఘట్టం మొదలైన చోట వెనక్కి తిరగండి. జలపాతం వెనుక చూడకుండా ఎప్పుడూ ముందుకు పోకండి. ఏ ఉపయోగమూ లేకుండా ముగిసిపోయే సందు ఉంటే అది ఉపయోగం లేనిది కాదు. ఎత్తయిన శిఖరం ఎక్కితే దాని కొసన ఏదో ఉంటుంది.

కోరోక్‌లు దీనికి మంచి బడి. రాళ్లు వలయంగా పేర్చి ఒక్క రాయి తక్కువగా ఉంటే, ఆ రాయి దగ్గర్లోనే ఎక్కడో ఉంటుంది. విగ్రహాల ముందు నైవేద్యం ఉండి ఒక్కదాని పళ్లెం ఖాళీగా ఉంటే అక్కడ పండు పెట్టాలి. చెరువులో తామరలు గుండ్రంగా అమరి ఉంటే పైనుంచి ఆ నడుమకు దూకాలి. ఇలాంటి అమరికలు పట్టుమని ఇరవై రకాలు కంటికి అలవాటైతే దూరంనుంచే ‘ఇది ప్రకృతి చేసింది కాదు’ అని తెలిసిపోతుంది. 900 విత్తనాల్లో సంచులన్నీ పూర్తిగా పెంచుకోవడానికి 441 చాలు. మిగిలినవి ఎటు పోయినా ఏదో ఒకటి ఎదురవ్వాలని పెట్టినవి. వాటి వెనుక ఈ ఔదార్యం ఉందని తెలిశాక నాకు ఆ వెతుకులాట మీద గౌరవం పెరిగింది.

టీవీ శబ్దం తగ్గించి ఆడకండి. హెడ్‌ఫోన్ పెట్టుకోండి, సంగీతాన్ని సెట్టింగుల్లో సగానికి తగ్గించి ఇతర శబ్దాలను పూర్తిగా పెంచండి. ‘హాలో నైట్’లో గాజు సీసాల్లో బందీలైన 46 పురుగు పిల్లలు ఏడుస్తుంటాయి. గోడ అవతల ఉన్నా ఆ ఏడుపు వినిపిస్తుంది. 2018 నాటి ‘గాడ్ ఆఫ్ వార్’లో ఓడిన్ కాకులు 51. ఆకుపచ్చగా మెరిసే వాటిని కంటితో పట్టుకోవడం కన్నా ముందు అరుపు విని ఆగిపోవడం తేలిక.

గేమ్ తనంతట తాను ఇచ్చే సాయాన్ని తీసుకోవడానికి మొహమాటపడకండి. ‘గోస్ట్ ఆఫ్ సుషిమా’లో గాలిని మీరు వెతికే వస్తువు వైపు వీచేలా పెట్టుకోవచ్చు. ‘సూపర్ మారియో ఒడిస్సీ’లో రంగుల చిలుక ఇంకా ఏరాల్సిన చంద్రుళ్ల పేర్లు చెబుతుంది, 50 నాణేలిస్తే టోడ్ అనే పాత్ర మ్యాప్ మీద చోటు చూపిస్తాడు. నేను ముందు చిలుకను అడుగుతాను. పేరులోనే సూచన ఉంటుంది, కాబట్టి కనిపెట్టిన తృప్తి మిగులుతుంది. ‘బ్యాట్‌మన్: ఆర్ఖమ్ సిటీ’లో రిడ్లర్ అనే శత్రువు పెట్టిన 440 ట్రోఫీలు (ఇవి గేమ్ లోపలి వస్తువులు), చిక్కుల చోట్లు అతని మనుషులకు తెలుసు. బ్యాట్‌మన్‌కు దాగినవి చూపించే డిటెక్టివ్ చూపులో ఆకుపచ్చగా కనిపించేవాణ్ణి మిగిలినవాళ్లతోపాటు కొట్టిపడేయకండి. అందర్నీ పడేసి వాణ్ణి చివరికి ఉంచి ప్రశ్నిస్తే మ్యాప్ మీద గుర్తులు పడతాయి. ‘టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్’లో భూమి మీద మందిరం ఉన్న చోటికి సరిగ్గా కింద, పాతాళంలో లైట్‌రూట్ అనే ఒక దీపం ఉంటుంది. రెండూ చెరి 120. పేర్లు కూడా ఒకదానికొకటి తిరగేసినవే. కింద దీపం ఉండి పైన మందిరం లేదంటే, అది గుహలోనో ఏదైనా క్వెస్ట్ (పాత్రలు అప్పగించే పని) వెనుకో దాక్కుని ఉంది.

ఊడ్చడం

కథ అయిపోయింది, కంటికి దొరికినవి తీశారు. ఇప్పుడు మిగిలినవి. ఇక్కడ ఒక్కటే నియమం: ఒక ప్రాంతం పూర్తయ్యేదాకా ఇంకో ప్రాంతంలో అడుగుపెట్టకూడదు. నదులు, రోడ్లు, కోటగోడలను హద్దులుగా తీసుకుని ప్రాంతాన్ని పట్టీలుగా కోసుకోండి. ఒక పట్టీలో వెళ్లి పక్క పట్టీలో తిరిగి రండి.

మ్యాప్ మీద గుర్తులు ఇవ్వని గేమ్‌లలో ఇది తప్పనిసరి. 2007లో వచ్చిన మొదటి ‘అసాసిన్స్ క్రీడ్’లో 420 జెండాలున్నాయి. డమాస్కస్, ఏకర్, జెరూసలేం, వాటిని కలిపే రాజ్యం (కింగ్‌డమ్) ప్రాంతం తలా 100, మస్యాఫ్‌లో 20. ఏవి తీశారో మ్యాప్ చూపదు. అలాంటి గేమ్‌కు మొదటి జెండానుంచే ముద్రించిన మ్యాప్ ఉండాలి, తీసిన వెంటనే కొట్టేయాలి. ఇతరుల గైడ్ తెరిచేందుకు నేను ఒప్పుకునే సందర్భం కూడా ఇదే, అదీ ముందు లెక్క సరిచూసుకున్నాకే. గైడ్‌లో ప్రాంతంవారీ సంఖ్య చూసి మీ పేజీలోని సంఖ్యతో పోల్చండి. ఎక్కడ తేడా ఉందో ఆ ప్రాంతం మాత్రమే తెరవండి. ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’లోనైతే తీసిన విత్తనాలకు మ్యాప్ మీద ఆకు గుర్తు ఉంటుంది, దాన్ని గైడ్ మ్యాప్‌తో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అదనంగా కొనుక్కునే భాగంలో హీరోస్ పాత్ అనే సదుపాయం ఉంది. గత 200 గంటల్లో మీరు నడిచిన దారంతా గీతగా చూపిస్తుంది. గీత పడని ఖాళీ నేల ఎక్కడుందో అక్కడికే వెళ్లండి.

బహుమతి మీద ఆశ పెట్టుకోకండి. ‘అసాసిన్స్ క్రీడ్ 2’లో 100 ఈకలు ఏరితే వచ్చే వస్త్రం కప్పుకుంటే ఏ నగరంలోనైనా కాపలావాళ్లు వెంటపడతారు. నేను ఈకలు ఏరింది వెనిస్ కప్పులమీద తెల్లవారుజామున తిరగడానికి, ఆ తిరుగుడు దొరికింది. దీనికి విరుద్ధంగా ‘ఆర్ఖమ్ నైట్’లో రిడ్లర్ పెట్టిన 243 చిక్కులూ ముగిస్తేనే కథకు పూర్తి ముగింపు కనిపిస్తుంది. అది ముందే తెలుసుకుంటే కథతోపాటే రోజుకు కొన్ని తీసుకుంటూ పోవచ్చు.

సవాళ్లు

సేకరణకు ఓపిక చాలు, సవాలుకు తాజా బుర్ర కావాలి. అందుకే సవాలును ఆటకు కూర్చోగానే, మొదటి అరగంటలో చేయండి. రాత్రి చివర్లో “ఇంకొక్కసారి” అని చేసే ప్రయత్నాలు చేతికి తప్పునే అలవాటు చేస్తాయి. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. బటన్ నొక్కినదానికీ తెర మీద కదలికకూ మధ్య జాప్యం తగ్గుతుంది. లయతో కూడిన సవాళ్లలో ఆ తేడా పెద్దది.

ఓడిన చోటును మాత్రమే అభ్యాసం చేయండి. కన్సోల్‌లో రికార్డు చేసే బటన్ ఉంది, ఓటమిని రికార్డు చేసి నెమ్మదిగా తిరిగి చూడండి. మీరు అనుకున్న తప్పు కన్నా ఒకటి రెండు అడుగుల ముందే అసలు తప్పు జరిగి ఉంటుంది. మూలమీద పడిపోయారంటే సాధారణంగా ఆ మూలకు వచ్చిన కోణమే తప్పు.

కొన్నిటికి పద్ధతి మార్చితేనే తలుపు తెరుచుకుంటుంది. ‘ఫైనల్ ఫాంటసీ 10’లో పిడుగుల మైదానంలో వరుసగా 200 పిడుగులు తప్పించుకోవాలి. మైదానమంతా తిరుగుతూ చేస్తే ఎప్పుడు మెరుస్తుందో తెలియక కళ్లు అలసిపోతాయి. నేలమీద ఒక గుంట ఉన్న చోట అటూఇటూ నడుస్తుంటే పిడుగు ఒక క్రమంలో పడుతుంది. అప్పుడది లెక్కపెట్టే పని అవుతుంది. పదేసి చొప్పున కాగితం మీద గీతలు గీసుకోండి, గేమ్ తెరమీద లెక్క చూపించదు. ‘సూపర్ మారియో ఒడిస్సీ’లో వాలీబాల్ బంతిని 100 సార్లు ఆపాలి. ఇద్దరు ఆటగాళ్ల పద్ధతికి మార్చి, మారియోను వదిలేసి, రెండో ఆటగాడు నడిపే అతని టోపీని కదిలించండి. టోపీ ఎంతో వేగంగా పరుగెడుతుంది. ఇది మోసం కాదు, గేమ్‌లో ఉన్న దారే.

చివరి వస్తువు ముందు

ఒక్కటే మిగిలిందని తేలాక వెంటనే తీయకండి. ముందు వేరే స్లాట్‌లో సేవ్ చేసి, వీలైతే క్లౌడ్‌లోకి కూడా ఎక్కించండి. అన్నీ తీశాక కూడా ట్రోఫీ రాకపోవడం పెద్ద పెద్ద గేమ్‌లలోనే జరుగుతుంది. అప్పుడు గేమ్‌ను పూర్తిగా మూసి, ఆ సేవ్‌ను తెరిచి, చివరి వస్తువును మళ్లీ తీయండి. చాలాసార్లు దానితో సరిపోతుంది. రాకపోతే గేమ్‌కు కొత్త ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) ఉందేమో చూసి, అది ఎక్కించాక అదే సేవ్‌తో మరోసారి ప్రయత్నించండి. ట్రోఫీ తెరమీద కనిపించేదాకా ఆ స్లాట్ మీద దేన్నీ సేవ్ చేయకండి.